ఇల్లు పెంచి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఎక్స్‌టెన్షన్ సంగతి వాళ్ళకి తెలిసి ఉంటే ఆ సామెతలో మూడో ముక్క కూడా ఉండేది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు అది పూర్తయ్యేదాకా పాత ఇంట్లో ఉంటాడు. ఎక్స్‌టెన్షన్‌లో మనం కాపురం ఉంటున్న ఇంటి వెనక గోడనే పగలగొడతారు. ఆ దుమ్ములోనే వండుకోవాలి, పిల్లల్ని బడికి పంపాలి, తొమ్మిదింటికి క్లయింటు కాల్‌లో కూర్చోవాలి. మన భాషలో చెప్పాలంటే, నడుస్తున్న ప్రొడక్షన్ సర్వర్‌కి ఆపకుండా మదర్‌బోర్డు మార్చడం.

ఇంగ్లండులో స్థిరపడ్డ మనవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది. మూడు పడగ్గదుల సెమీ కొంటాం. పిల్లలు పెరుగుతారు, అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉండటానికి వస్తారు, వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ఇల్లు మారితే కట్టే స్టాంపు డ్యూటీ లెక్కేసుకున్నాక, ఉన్నదాన్నే పెంచుకుందాం అనిపిస్తుంది. నేను రెడింగ్‌లో మా సెమీ వెనక నాలుగు మీటర్లు పొడిగించాను. పన్నెండేళ్ళుగా ఇతరుల ప్రాజెక్టులకి కన్సల్టెంటునైన నాకు, డబ్బిచ్చే క్లయింటు కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అక్కణ్ణుంచి చూస్తే సూత్రం ఒక్కటే కనబడింది: కాగితం కంటే పని ముందు పరిగెత్తకూడదు, పని కంటే డబ్బు ముందు పరిగెత్తకూడదు.

మూడు అనుమతులు, మూడు వేర్వేరు సిస్టమ్స్

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. "ప్లానింగ్ అక్కర్లేదట" అని ఎవరో చెబితే ఇక ఏ అనుమతీ అక్కర్లేదనుకుంటారు. ప్లానింగు, బిల్డింగ్ రెగ్యులేషన్స్, పార్టీ వాల్ మూడూ దేనికది వేరు. ఒకదాంట్లో పాసైతే ఇంకోదాంట్లో పాసైనట్టు కాదు.

మొదటిది ప్లానింగు. ఇంగ్లండులో ఒక అంతస్తు ఎక్స్‌టెన్షన్ వెనక వైపు వేస్తే సెమీ, టెర్రేస్ ఇళ్ళకి 3 మీటర్లు, డిటాచ్డ్ ఇళ్ళకి 4 మీటర్ల వరకు 'పర్మిటెడ్ డెవలప్‌మెంట్' కింద వస్తుంది, అంటే ప్లానింగు అప్లికేషన్ పెట్టనక్కర్లేదు. ఎత్తు 4 మీటర్లు దాటకూడదనీ, హద్దుకి 2 మీటర్ల లోపైతే చూరు ఎత్తు 3 మీటర్లు దాటకూడదనీ ఇంకా కొన్ని షరతులున్నాయి. ఈ కొలత 'ఒరిజినల్ హౌస్' నుంచి లెక్క, అంటే మొదట కట్టినప్పటి ఇల్లు, 1948 జులై 1 కంటే పాతదైతే ఆనాటికి ఉన్న ఇల్లు. పాత యజమాని ఇప్పటికే రెండు మీటర్లు పొడిగించి ఉంటే ఆ రెండూ మీ ఖాతాలోనే పడతాయి.

నాకు కావలసింది 4 మీటర్లు కాబట్టి 'ప్రయర్ అప్రూవల్' దారిలో వెళ్ళాను. 2013లో తాత్కాలికంగా మొదలై 2019లో శాశ్వతమైన ఈ పద్ధతిలో సెమీలకి 6, డిటాచ్డ్‌కి 8 మీటర్ల వరకు అవకాశం ఉంది. కౌన్సిలు పక్కింటివాళ్ళకి ఉత్తరం రాసి 21 రోజులు గడువిస్తుంది, 42 రోజుల్లో తన నిర్ణయం చెబుతుంది. ఫ్లాట్లకి ఈ హక్కులేవీ లేవు. కన్సర్వేషన్ ఏరియాల్లో షరతులు ఇంకా కఠినం. అప్లికేషన్ అవసరం లేకపోయినా 'లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్' తీసుకుని దాచుకోండి. ఇల్లు అమ్మేనాడు కొనేవాడి లాయరు అడిగే మొదటి కాగితం అలాంటిదే.

రెండోది బిల్డింగ్ రెగ్యులేషన్స్. పునాది, ఉక్కు దూలాలు, ఇన్సులేషన్, డ్రైనేజి నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. పునాది కందకం కాంక్రీటు పోయకముందు చూడాలి, మురుగు గొట్టాలు పూడ్చకముందు చూడాలి. కాంక్రీటుకి అన్‌డూ బటన్ లేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఆయన చూసేది నిబంధనల్ని మాత్రమే. టైల్సు వంకరగా ఉన్నాయా, తలుపు సరిగ్గా పడుతోందా అన్నవి ఆయన పని కాదు. మన టెస్టింగు మనమే చేసుకోవాలి.

మూడోది 1996 నాటి పార్టీ వాల్ చట్టం. పక్కింటి గోడకి 3 మీటర్ల లోపు, వాళ్ళ పునాది కన్నా లోతుగా తవ్వుతుంటే నెల ముందు నోటీసివ్వాలి. ఉమ్మడి గోడ మీదే పనైతే రెండు నెలల ముందు. 14 రోజుల్లో వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే వివాదం ఉన్నట్టే లెక్క, అప్పుడు సర్వేయర్లు రంగంలోకి దిగుతారు. ఆ ఖర్చు సాధారణంగా మనదే.

అందుకే నోటీసు కన్నా ముందు మనిషి వెళ్ళాలి. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. నేనూ మా ఆవిడా డ్రాయింగులు పట్టుకెళ్ళి కూర్చుంటే, ఆవిడ భయమల్లా తన గోడ బీటలు వారుతుందేమోనని తెలిసింది. ఆవిడ ఎదుటే గోడలన్నీ తేదీతో సహా ఫొటోలు తీసి ఒక కాపీ ఆవిడకిచ్చాం. సంతకం పెట్టిచ్చారు. ఇరవై ఏళ్ళు పక్కపక్కన బతకాల్సిన మనుషుల మధ్య చట్టం ఆఖరి మెట్టుగా ఉంటేనే మంచిది.

ఈ మూడింటితో పాటు మురుగు కాలువ సంగతి మరిచిపోకండి. 2011 అక్టోబరు నుంచి ఇళ్ళు ఉమ్మడిగా వాడే గొట్టాలు నీటి కంపెనీల సొంతమయ్యాయి. వాటి మీద గానీ, 3 మీటర్ల లోపు గానీ కట్టాలంటే ఆ కంపెనీ ఒప్పుకోవాలి.

స్పెక్ లేని కొటేషన్

నాకొచ్చిన మూడు కొటేషన్లు 68 వేలు, 61 వేలు, 47 వేల పౌండ్లు. మూడోది చూసి మా ఇంట్లో అందరి ముఖాలూ వెలిగాయి. చదివితే అందులో వ్యాట్ లేదు. 20 శాతం కలిపితే 56,400. గచ్చు మీద పరిచే టైల్సు లేవు, పెయింటు లేదు, చెత్త ఎత్తే స్కిప్పు లేదు. అవన్నీ కలిపాక అది మూడింట్లోకీ ఖరీదైనదైంది. మూడు కొటేషన్లూ ఒకే డ్రాయింగుకీ, ఒకే వస్తువుల జాబితాకీ తీసుకుంటేనే పోల్చడానికి అర్థం ఉంటుంది.

మార్పులన్నీ డ్రాయింగు మీదే అయిపోవాలి. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళు తూర్పుకి తిరిగి వండాలని మా అమ్మ నెల్లూరు నుంచి ఫోన్లో చెప్పింది. అప్పటికి ప్లాను కాగితం మీదే ఉంది కాబట్టి ఆర్కిటెక్టు పది నిమిషాల్లో మార్చిచ్చాడు. అదే కోరిక మా స్నేహితుడికి గచ్చు వేశాక వచ్చింది. గచ్చు పగలగొట్టి గొట్టాలు మళ్ళీ వేయించుకున్నాడు. వాస్తు ఉన్నవాళ్ళు ఇంట్లో పెద్దల్ని ముందే అడిగెయ్యండి. ఆ తర్వాత ఏ మార్పొచ్చినా ధర, అదనంగా పట్టే రోజులు ఈమెయిల్లో రాయించుకున్నాకే "సరే" అనండి. అలాగే పది పదిహేను శాతం డబ్బు పక్కన పెట్టుకోండి. భూమి తవ్వితే ఏం బయటపడుతుందో ఎవరికీ తెలియదు.

డబ్బు ఎప్పుడివ్వాలి

ఒక బిల్డరు పని మొదలుకాకముందే 40 శాతం అడిగాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను. మాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే ముందిచ్చారు. పైకప్పు పడకముందే ఆ కంపెనీ మూతపడింది. ఆ చలికాలమంతా వంటగదికి టార్పాలినే గోడ.

పూర్తయిన పనికే డబ్బు అన్న పద్ధతి పెట్టుకోండి: పునాది ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక ఒకటి, గోడలు, కప్పు లేచాక ఒకటి, కిటికీలు బిగించి వాన లోపలికి రాదన్నాక ఒకటి, ప్లాస్టరింగు అయ్యాక ఒకటి. చివరి 5 శాతం కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే. ఇవన్నీ రాసుకోవడానికి జేసీటీ వాళ్ళు ఇంటి యజమానుల కోసం తయారుచేసిన సులువైన కాంట్రాక్టు ఉంది. కిటికీలు, వంటగది అల్మారాల్లాంటివి మీరే కొంటుంటే క్రెడిట్ కార్డు మీద కొనండి. వస్తువు ధర 100 పౌండ్ల పైన, 30 వేల లోపైతే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద బ్యాంకుకి కూడా బాధ్యత ఉంటుంది. పని మొదలయ్యే ముందు మీ ఇంటి ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పండి, బిల్డరు ఇన్సూరెన్సు కాగితం కళ్ళతో చూడండి.

గోడలు మూసేముందు

ఇది మన వృత్తివాళ్ళకి ప్రత్యేకం. ఉక్కు దూలాలు, రేకు తొడిగిన ఇన్సులేషన్ బోర్డులు వైఫైని బాగా మింగేస్తాయి. కొత్త గది కట్టుకుని అందులో సిగ్నల్ రాక హాల్లో కూర్చునేవాళ్ళున్నారు. ప్లాస్టరింగుకి ముందే రూటర్ దగ్గర్నుంచి ఈథర్‌నెట్ తీగలు రెండు లాగించండి, ఒకటి గోడకి, ఒకటి సీలింగుకి. తర్వాత ప్రతి గోడనీ టేపు అడ్డం పెట్టి ఫొటో తీయండి. ఏ తీగ, ఏ గొట్టం ఎక్కడుందో చెప్పే డాక్యుమెంటేషన్ అదే. ఐదేళ్ళ తర్వాత టీవీ బిగించడానికి కన్నం వేసేరోజు దాని విలువ తెలుస్తుంది.

ఈలోపు బతకడం

వెనక గోడ పోయే ముందే ముందుగదిలో తాత్కాలిక వంటగది పెట్టుకోండి: ఇండక్షన్ పొయ్యి, ఎలక్ట్రిక్ కుక్కరు, మైక్రోవేవ్. మేం మూడు నెలలు గిన్నెలు స్నానాల తొట్టిలో కడిగాం. పోపు పెట్టినప్పుడల్లా పొగ అలారం మోగేది. తలుపులకి జిప్పున్న ప్లాస్టిక్ తెరలు తగిలిస్తే దుమ్ము సగం ఆగుతుంది. నీళ్ళూ కరెంటూ ఏ రోజు ఆపుతారో ముందురోజే అడిగి, ముఖ్యమైన మీటింగులు ఆఫీసుకి మార్చుకోండి. రోజూ సాయంత్రం పని ఆగాక పది నిమిషాలు అంతా తిరిగి చూసి, తేడా కనిపిస్తే ఆ రాత్రే మర్యాదగా రాసి పంపండి. పనివాళ్ళకి టీ పెట్టివ్వడం మాత్రం మానకండి. ఏ కాంట్రాక్టులోనూ రాయని పనులు ఆ టీ వల్లే జరుగుతాయి.

బిల్డరు చేతులు కడుక్కుని వెళ్ళే రోజున గ్యాసు, కరెంటు సర్టిఫికెట్లు, దూలాల లెక్కలు, కంప్లీషన్ సర్టిఫికెట్, గోడల ఫొటోలు అన్నీ ఒక ఫోల్డరులో పెట్టి బ్యాకప్ తీసుకోండి. చివరి చెక్కు రాయడం ఆ తర్వాతే.