రెండు పైరులు, ఒక బావి: అసమీకరణముల లెక్క

విత్తుటకు ముందు ప్రతి రైతును మనసులో ఒక లెక్క వేసికొనును. భూమి యింత కలదు, నీరింత కలదు, వరి యెంత వేయవచ్చును, వేరుశనగ యెంత వేయవచ్చును అని. ఈ లెక్కలోని తప్పు అప్పుడు కనబడదు. వరి పొట్టకు వచ్చిన దినములలో బావి అడుగంటినప్పుడు కనబడును. పైరు ఎండును, సంఘమునకు తీర్పవలసిన ఋణము నిలిచిపోవును. కావున ఈ లెక్కను ముందుగనే చేతిఫోనులో సరిచూచుకొను విధమును మే మిచ్చట వివరింపదలచితిమి.

ఒక రైతునకు 6 ఎకరముల భూమి కలదనుకొందము. ఎకరమునకు వరికి 48 అంగుళముల నీరును, వేరుశనగకు 20 అంగుళముల నీరును పంటకాలమంతటికి కావలయుననియు, బావి మొత్తము 204 ఎకరాంగుళముల నీ రీయగలదనియు లెక్కకొఱకు గ్రహింతము. ఎకరము నేలపై అంగుళము లోతున నిలుచు నీరే ఎకరాంగుళము. అది సుమారు 1,02,800 లీటరులు. మోటారు ధారను 200 లీటరుల పీపాలో పట్టి చూడుడు. 20 సెకండ్లలో నిండినచో గంటకు 36,000 లీటరులు వచ్చుచున్నవని తెలియును.

వరి ఎకరములను ఎక్స్ అనియు, వేరుశనగ ఎకరములను వై అనియు పిలుతము. అప్పుడు నిబంధన లిట్లుండును:

భూమి: ఎక్స్ + వై <= 6
నీరు: 48 ఎక్స్ + 20 వై <= 204
ఎక్స్ >= 0, వై >= 0

మొదటి గుర్తునకు 'మించరాదు' అనియు, రెండవదానికి 'తగ్గరాదు' అనియు అర్థము. ఇట్టివానినే అసమీకరణము లందురు. 'సమానము' అన్నచో జవాబులన్నియు ఒక గీతమీదనే యుండును. 'మించరాదు' అన్నచో ఆ గీతయు, దాని కొక ప్రక్కనున్న చోటంతయు జవాబే.

ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయములో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆరంభించిన జియోజీబ్రా అను గణిత సాఫ్ట్‌వేరు ఈ చోటును రంగు వేసి చూపును. అందు వ్రాయు గడిలో పై నాలుగు నిబంధనలను ఆంగ్లాక్షరములతో వ్రాసి, నడుమ '&&' అను గుర్తు నుంచవలెను. 'ఇదియు, అదియు' అని దాని భావము. అన్ని నిబంధనలకు లోబడిన చోటు మాత్రమే రంగుతో నిలుచును.

ఇప్పుడు 5 ఎకరములు వరి, 1 ఎకరము వేరుశనగ వేయుదమను ఆలోచనను పరీక్షింతము. భూమికి సరిపోయినది. నీరు మాత్రము 260 ఎకరాంగుళములు కావలయును, 56 తక్కువ. (5, 1) అని వ్రాసినచో ఆ చుక్క రంగునకు వెలుపల పడును. ఒక నిబంధనకు నిలిచిన యాలోచన మఱియొకదానికి నిలువకపోవచ్చును. అన్నిటికి ఒక్కమారు నిలువవలెను. ఈ లెక్కయొక్క సారమంతయు నిదియే.

ఖర్చులు పోను ఎకరమునకు వరికి 20,000 రూపాయలు, వేరుశనగకు 15,000 రూపాయలు మిగులుననుకొందము. అత్యధిక లాభము రంగుచోటుయొక్క మూలలలో నొకదానియందు తప్పక దొరకును. కావున మూలలను చూచిన చాలును. అంతయు వేరుశనగయే యైన 90,000. వరియే యైన నీరు నాలుగుంబాతిక ఎకరములకే చాలును గనుక 85,000. రెండు గీతలు కలియు మూల (3, 3). అనగా మూడేసి ఎకరములు. అచ్చట 1,05,000. ఈ మూలను కనుగొనుటకు '<=' బదులు '=' వ్రాసి రెండు గీతలను గీయించి, అవి ఖండించుకొను చుక్కను చూడవలెను.

ఇట్టి లెక్కలకు రేఖీయ ప్రణాళిక యని పేరు. 1939లో రష్యాలో కాంటొరోవిచ్ ప్లైవుడ్ కర్మాగారముల పనికై దీనిని యోచించెను. 1947లో అమెరికాలో డాంట్‌జిగ్ దీనికి సులభమార్గము చూపెను. అనేక పైరులు, అనేక నిబంధనలు గల లెక్కలుకూడ దానితో తేలును.

అయినను యంత్రమునకు వాన సంగతి తెలియదు. మన మిచ్చిన అంకె తప్పైన జవాబును తప్పే. కావున 204 బదులు 162 వ్రాసి మరల చూడుడు. మూల (1.5, 4.5)కు జరుగును, లాభము 97,500. మూడెకరముల వరి వేసి, ఆ నీరే వచ్చినచో 42 ఎకరాంగుళములు తక్కువపడును. 7,500 రూపాయల యాశకు పైరునంతయు పణముగా నొడ్డుట తగునా యని రైతే నిర్ణయించుకొనవలెను.

సభ్యులారా, ఋణపు దరఖాస్తు వ్రాయుటకు ముందు మీ భూమి, మీ బావి, మీ ఖర్చుల అంకెలతో ఈ లెక్కను మీ చదువుకొను పిల్లలచేత వేయించి చూడుడు. చుక్క రంగులోపల నున్నదా, వెలుపల నున్నదా యని విత్తకముందే తెలిసికొనుట మేలు.