పైనుంచి కొట్టే మందు: ప్రాణానికీ, సరుకుకూ ముప్పు

సుబేదారి: పత్తి, మిరప చేలపై డ్రోన్‌తో మందు కొట్టించే రైతులు పెరిగేకొద్దీ, ఏనుమాముల యార్డులో సరుకు కొనే వర్తకులు కూడా ఆ పనిలోని ప్రమాదాలను లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.

పైనుంచి మందు చల్లడం 1921 ఆగస్టులో అమెరికాలోని ఒహాయోలో విమానంతో మొదలైనది. మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఈ పనికే రూపొందించిన 'బసంత్' రెండవ నమూనా 1972లో ఎగిరినది. 1980లో దాని ఉత్పత్తి ఆగిపోయినది.

మందు విమానం పైరుకు రెండు మూడు మీటర్ల ఎత్తున పోతుంది. చేను చివర పైకి లేచి, మళ్లీ వెనుదిరగాలి. నిండు బరువుతో ఆ మలుపులో వేగం తగ్గితే విమానం పట్టు తప్పుతుంది, సర్దుకోవడానికి కింద ఎత్తు ఉండదు. కరెంటు తీగ దగ్గరికి వచ్చేదాకా కంటికి ఆనదు. ఎందరో పైలట్ల ప్రాణాలు ఇలాగే పోయినవి.

డ్రోన్‌లో మనిషి ఉండడు. ప్రాణభయం తగ్గినది గాని తీగల బెడద పోలేదు. గాలి వీస్తే మందు పక్క చేలో పడుతుంది. కోతకు ముందు అలా పడిన మందు మిరపకాయపై మిగిలి, ఎగుమతి పరీక్షలో సరుకు తప్పితే, నష్టం కొన్నవారిదే.

మందు డ్రోన్ నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పురుగుమందుల డ్రోన్లకు కేంద్రం 2021 డిసెంబరులో విధివిధానాలు వెలువరించినది. రైతుకు పెట్టుబడి ఇచ్చే కమీషన్ ఏజెంట్లు ఆ సర్టిఫికెట్, మందు పేరు, కొట్టిన తేదీ అడిగి రాసుకోవడం మేలు. బస్తా విప్పి రంగు చూస్తే తెలిసే సంగతి కాదిది.