ఆన్‌లైన్‌లో ‘పర్యావరణం’ పాసు కావాలంటే... ఫోను ఒక్కటే చాలదు!

ఫీజు లేదు. బస్సు చార్జీ లేదు. ఐఐటీ ఆచార్యులు చెప్పే పాఠాన్ని మర్రిగూడలోనో, మునుగోడులోనో ఇంటి అరుగు మీద కూర్చుని వినవచ్చు. అయినా ఆన్‌లైన్ కోర్సుల్లో పేరు రాయించుకున్నవారిలో చివరి పరీక్ష దాకా నిలిచేవారు తక్కువే. ఇది ఒక్క నల్లగొండ జిల్లా సంగతి కాదు. అన్ని దేశాల్లోనూ ఇదే వరస. మొదటి రెండు వారాలు ఉత్సాహంగా వీడియోలు చూస్తారు. మూడో వారం పత్తి ఏరే పని వస్తుంది. లేదంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న వెంట పట్నం పోతుంది. నాలుగో వారానికి పాఠాలు కుప్పపడతాయి. ఇక ఆ కోర్సు జోలికి పోరు.

పోతే పోయిందిలే అనుకోవడానికి లేదు. కాలేజీ ఒప్పుకున్నచోట ఈ కోర్సు మార్కులు డిగ్రీ లెక్కలోకే వస్తాయి. పరీక్షకు కట్టిన ఫీజు తిరిగి రాదు. ఆడపిల్లల విషయంలో ఇంకొకటి కూడా ఉంది. ఒకసారి తప్పితే, ఫోను చేతికిస్తే చదువు పేరుతో ఆటలాడుతోందని ఇంట్లో మాట పడుతుంది. రెండోసారి ఫోను అడగడం కష్టమవుతుంది.

పర్యావరణ పాఠాన్ని బడుల్లో, కాలేజీల్లో తప్పనిసరిగా చెప్పాలని ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. ఆ తర్వాత యూజీసీ అన్ని డిగ్రీ విద్యార్థులకూ కలిపి ఒక సిలబస్ తయారు చేసింది. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ పేరిట ఆన్‌లైన్ కోర్సులను ప్రారంభించింది. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు ఇలా చదివి క్రెడిట్లు పొందవచ్చని 2021లో యూజీసీ నిబంధన తెచ్చింది. అయితే ఏ కోర్సుకు క్రెడిట్లు ఇస్తారో కాలేజీలో ముందుగా అడిగి తెలుసుకున్నాకే పేరు రాయించుకోవడం మేలు.

మార్కుల లెక్క ముందు తెలియాలి

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఎల్ కోర్సునే తీసుకుంటే, వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75 మార్కులు. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లు ఉంటే వాటిలో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10, పరీక్షలో 75కు కనీసం 30 రావాలి. రెండింటిలో ఏ ఒక్కటి తగ్గినా సర్టిఫికెట్ ఉండదు. వీడియోలన్నీ శ్రద్ధగా చూసి, అసైన్‌మెంట్లు పంపని విద్యార్థి పరీక్ష ఎంత బాగా రాసినా ఫలితం లేదన్నమాట. వేరే సంస్థలు నడిపే కోర్సులకు లెక్క కొంచెం వేరు. కోర్సు మొదటి పేజీలోనే అది రాసి ఉంటుంది.

కాబట్టి మొదటి పనిముట్టు గోడ క్యాలెండరు. అసైన్‌మెంట్ల గడువు తేదీలన్నింటికీ మొదటిరోజే ఎర్ర సిరాతో సున్నా చుట్టాలి. ఆ తేదీకి రెండు రోజుల ముందు ఇంకో సున్నా చుట్టి, అదే అసలు గడువనుకోవాలి. చివరిరోజు రాత్రి కరెంటు పోయినా, సిగ్నల్ అందకపోయినా అడిగే దిక్కుండదు. గడువు లోపల జవాబులు మార్చి మళ్లీ పంపే వీలుంటుంది కనుక ముందుగా పంపితే నష్టం ఏమీ లేదు.

మూసిన పుస్తకమే మాస్టారు

పాఠాన్ని నాలుగుసార్లు చూస్తే వచ్చేస్తుందన్నది మన పిల్లల నమ్మకం. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2006లో దీనిని పరీక్షించారు. కొందరు విద్యార్థులు ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత అడిగితే మాత్రం చూడకుండా రాసినవారికే ఎక్కువ గుర్తుంది. పరీక్ష అయిదు నిమిషాలకు రాదు, నెలల తర్వాత వస్తుంది కదా!

దీనికి కావలసింది ఒక నోటుబుక్కు, ఒక స్కేలు. పేజీకి ఎడమవైపు మూడో వంతు వదిలి నిలువుగా గీత గీయాలి. వీడియో చూస్తూ కుడివైపు ముఖ్యమైన సంగతులు రాయాలి. పాఠం అయ్యాక ఎడమవైపు వాటికి ప్రశ్నలు రాయాలి. మరునాడు కుడిభాగాన్ని కాగితంతో మూసి ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవాలి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు విద్యార్థులకు నేర్పిన పద్ధతి ఇది. చదువురాని తల్లి అయినా ఆ కాగితం అడ్డం పెట్టి కూర్చుంటే చాలు, పిల్ల పక్కచూపులు చూడదు.

నోటుబుక్కు చివరి పేజీలు మాటల పట్టికకు వదలాలి. ఈ కోర్సులో తెలుగు మీడియం పిల్లలను భయపెట్టేది శాస్త్రం కాదు, మాటలు. ‘యూట్రోఫికేషన్’ అనగానే బెదిరిపోతారు. ఎరువుల్లోని నత్రజని, భాస్వరం కొట్టుకువచ్చి చెరువులో పాచి పెరిగిపోవడమే అది. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువును రోజూ చూసే పిల్లవాడికి ఇది కొత్త విషయమా? ‘ఆక్విఫర్’ అంటే నీటిని పట్టి ఉంచే భూగర్భ పొర. బోరు వేయించినవారి ఇంట్లో దీని సంగతి కథలుకథలుగా చెబుతారు. రోజుకు అయిదు మాటలు చొప్పున రాసుకున్నా నెలకు నూట యాభై అవుతాయి.

పాఠంలో మన జిల్లా

అన్నింటికన్నా గట్టి పనిముట్టు సొంత ఊరే. తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ టెక్నిక్’ గురించి పర్యావరణ పుస్తకాల్లో ఉంటుంది. నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతి ఇది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలియబెట్టి, మడ్డి అడుగున తేరిన తర్వాత వడపోస్తారు. వేరే రాష్ట్రం విద్యార్థికి అది బట్టీ పట్టవలసిన నాలుగు వాక్యాలు. పళ్లు గారపట్టినవారిని, నడుము వంగినవారిని చూస్తూ పెరిగిన మన జిల్లా పిల్లలకు అది ఇంటి సంగతి. మన పేరున్న పాఠంలో మనవాళ్లే మార్కులు పోగొట్టుకుంటే ఏం బాగుంటుంది?

లెక్కలూ ఇలాగే సాధన చేయవచ్చు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదన్నది భారతీయ ప్రమాణం. వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని ఎండలో పనిచేసే కూలీ రోజుకు 4 లీటర్లు తాగితే ఒంట్లోకి వెళ్లేది 12 మిల్లీగ్రాములు. ఎకరం చేనులో 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లు? ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. గుణిస్తే దాదాపు 40 వేల లీటర్లు. ఈ లెక్క ఒకసారి చేసినవారికి ఇంకుడుగుంత మీద ప్రశ్న వస్తే భయం ఉండదు.

హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ ఈ జిల్లాలోనే వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ‘బీఓడీ’ అంటే నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు. ఆ అంకె పెరిగేకొద్దీ చేపకు ఊపిరి తగ్గుతుంది. మూసీ ఒడ్డు పల్లెల పిల్లలకు ఈ నిర్వచనం మరచిపోవడమే కష్టం.

ఒక్క ఫోను ఉన్న ఇంట్లో...

వారం పాఠాలను కాలేజీ వైఫైలో ఒకేసారి డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంట్లో డేటా ఖర్చు, సిగ్నల్ బాధ ఉండవు. కొన్ని కోర్సులకు పాఠం మాటల రూపంలో కూడా దొరుకుతుంది. దానిని జిరాక్సు తీయించుకుంటే ఫోను అన్న దగ్గర ఉన్నా చదువు ఆగదు. డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో ‘స్వయంప్రభ’ చానళ్లు ఉచితం. తీసుకున్న కోర్సే అందులో రాకపోవచ్చుగానీ, అవే విషయాలపై పాఠాలు వస్తుంటాయి. ఊళ్లో ఒకే కోర్సు చదివేవారు ముగ్గురుంటే ఆదివారం ఒకచోట కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు అడుగుకోవచ్చు. జవాబులు కాపీ కొట్టే వాట్సాప్ గ్రూపులు మాత్రం ఎందుకూ పనికిరావు. అసైన్‌మెంట్‌లో అవి మార్కులు తెచ్చిపెట్టినా, 75 మార్కుల పరీక్ష ఒంటరిగా రాయాలి.

ఆ పరీక్ష ఇంట్లో రాసేది కాదు. కేటాయించిన కేంద్రానికి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఫోను మీదే కోర్సంతా చదివి, మౌస్ ఎన్నడూ పట్టనివారు పరీక్షకు వారం ముందుగానే కాలేజీ ల్యాబులో ఒక గంట అలవాటు చేసుకోవాలి. హాల్ టికెట్‌తో పాటు అసలు గుర్తింపు కార్డు తీసుకువెళ్లాలి. కోర్సులు ప్రధానంగా జనవరి, జులై సెమిస్టర్లలో మొదలవుతాయి. పేరు రాయించుకోవడానికి ఒక గడువు, పరీక్ష ఫీజు కట్టడానికి మరో గడువు ఉంటాయి. గోడ మీది క్యాలెండరులో ఈ రెండింటికీ కూడా ఎర్ర సున్నాలు చుట్టాలి.