విరిగిన పిడి: అతికించాలా, మార్చాలా?

ఈ రోజు ఒక మట్టి టీ కూజాను గూర్చి మాట్లాడుకుందాం.

2022 జూలైలో వచ్చిన గోదావరి వరదను మా బూర్గంపాడు వారు మరచిపోలేరు. ఆ నెల 16వ తేదీన భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టు వరద తర్వాత అంతటి నీరు మళ్లీ అప్పుడే చూశాం. సామాను మూటగట్టి మెరకకు చేర్చే తొందరలో మా సంఘంలోని ఒక పెద్దమ్మగారి కూజా పిడి విరిగింది. దాన్ని చేసింది ఆమె భర్త. సారె మీద తిప్పి, కొమ్మును, పిడిని చేత్తో అతికి, ఆవంలో కాల్చాడు. ఆరాధన అయ్యాక ఆమె మాకు టీ పోసేది అందులోనే. ఆయన ఇప్పుడు లేడు.

ఆమె ఆ ముక్కలను కొంగులో కట్టుకొని వచ్చి, "అయ్యగారూ, ఇది అతుకుతుందా, ఇక పారేయాల్సిందేనా?" అని అడిగారు. నేను ఆలోచించకుండా, "అతికిద్దాం అమ్మా" అన్నాను. బజారులో జిగురు కొని అతికించాను. రెండు రోజులు ఆరనిచ్చి, వేడినీళ్లు పోసి ఎత్తాను. కాసేపటికే పిడి నా చేతిలోకి ఊడి వచ్చింది. ఎడమ చేయి అడుగున ఉంది గనుక కూజా దక్కింది. పక్కనే ఒక పసివాడు కూర్చొని ఉన్నాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

ఎందుకు ఊడింది? కుమ్మరి పిడిని పెట్టేటప్పుడు కూజా, పిడి రెండూ పచ్చిగానే ఉంటాయి. పలుచని మట్టి రాసి నొక్కితే రెండూ కలిసి ఆరి, కలిసి కాలి, ఒకటే అవుతాయి. మంట 600 డిగ్రీలకు చేరేసరికి మట్టిలో ఇమిడి ఉన్న నీరు కూడా పోతుంది. ఆ తర్వాత ఎంత నానబెట్టినా అది మళ్లీ బురద కాదు. కొత్త మట్టి పూసినా, ఆరేకొద్దీ కొత్తది ముడుచుకుంటుంది, పాతది ముడుచుకోదు. అక్కడే బీట పడుతుంది. ఇక జిగురు అంటారా, మామూలు రకాలు చాలావరకు వేడికీ తడికీ పట్టు వదులుతాయి.

యిర్మీయా గ్రంథం 18, 19 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దానిలో సారె మీద చెడిన పాత్రను కుమ్మరి మరల వేరొక పాత్రగా చేస్తాడు, అది పచ్చి మన్ను గనుక. రెండవ దానిలో పగిలిన కూజా మరల బాగుకాదు, అది కాలిన మన్ను గనుక. ఇత్తడి గిన్నెకు మాటు వేయవచ్చు. కాలిన మట్టికి ఆ అవకాశం లేదు.

కాబట్టి మీ ఇంట్లో అలాంటి పాత్ర విరిగితే మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఏ భాగం విరిగింది? మూత అంచు పెచ్చు ఊడితే వాడుకోవచ్చు. పిడి అయితే మరుగుతున్న టీ బరువంతా దానిమీదే ఉంటుంది.

రెండవది, ఒంట్లో బీట ఉందా? వేలి కణుపుతో కొట్టి చూడండి. మంచిది కంగుమంటుంది, బీటపడినది బొంగురుగా పలుకుతుంది. నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. పూత లేని మట్టిపాత్ర అంతటా చెమర్చడం సహజమే. ఒక గీత వెంట మాత్రం తడి కనబడితే అది బీటే. అందులో చేరిన పాలూ టీ కడిగినా పోవు.

మూడవది, దాన్ని ఎందుకు ఉంచుకోవాలనుకుంటున్నారు? వాడుకకా, జ్ఞాపకానికా? జపానులో పగిలిన పాత్రలను చెట్టుపాల లక్కతో అతికి, అతుకు మీద బంగారు పొడి అద్దుతారు. దాని పేరు కిన్‌త్సుగి. ఆ లక్క గట్టిపడడానికి వారాలు పడుతుంది. అతుకును దాచకుండా చూపించడం అందులోని అందం. అయితే అలా అతికిన పాత్రను కూడా పొయ్యి మీద పెట్టరు.

పెద్దమ్మగారి కూజా పిడిని మళ్లీ అతికించాం. ఇప్పుడది అలమారలో టీ పొడి దాచుకొనే పాత్ర. టీ పోయడానికి కొత్తది కావలసి వచ్చింది. ఆమె మరిది కొడుకు ఇంకా సారె తిప్పుతున్నాడు, అతని చేతనే చేయించాం. కొమ్ము కొంచెం వంకరగా వచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయన చేసిన మొదటిది కూడా ఇలాగే వంకర అయ్యగారూ" అని నవ్వారు. వరద తర్వాత ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

ప్రియులారా, విరిగిన దాన్ని పారేయకుండా ఉంచుకోవడం ప్రేమే. దానిమీద మోయలేని బరువు మళ్లీ పెట్టకపోవడం కూడా ప్రేమే. ఇది పాత్రల విషయంలోనే కాదని మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.