గ్యాప్ ఎంత ఇవ్వాలి?

పండగ రోజుల్లో, పెళ్లిళ్ల సీజన్లో మెడికల్ షాపుల్లో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. మాత్రల స్ట్రిప్పు జేబులో పెట్టుకుంటూ, తెలిసినవాళ్లెవరైనా పక్కన ఉన్నారేమో చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతారు. "ఇవి వాడుతూ సాయంత్రం కొంచెం తీసుకోవచ్చా? రెండు గంటలు గ్యాప్ ఇస్తే ఏం కాదుగా?"

అడగడం మంచిదే. కానీ ఆ రెండు గంటల లెక్క ఎక్కడ పుట్టిందో గాని, మన ఒంట్లో ఏ అవయవమూ దాన్ని పాటించదు. కొన్ని మందులకు రెండు రోజులు కూడా చాలవు. ఒక మందుకైతే రెండు వారాలు కావాలి. ఇంకో మందు విషయంలో మద్యం ఒంట్లో ఉన్నప్పటి కంటే, అది దిగిపోయాకే ప్రమాదం ఎక్కువ.

ముందు కాలేయం లెక్క చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో మామూలుగా ఆల్కహాలు 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 20 గ్రాములు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. "బీరేగా" అని తీసిపారేస్తారు గాని, 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే రెండు పెగ్గులు తాగినట్టే. ఆరోగ్యంగా ఉన్న మనిషి కాలేయం గంటకు సుమారు 7, 8 గ్రాముల ఆల్కహాలును మాత్రమే విడగొట్టగలదు. బస్టాండులో ఒకే టికెట్ కౌంటరు తెరిచి ఉంటే క్యూలో పదిమంది ఉన్నా వందమంది ఉన్నా టికెట్లు అదే వేగంతో తెగుతాయి కదా, ఇక్కడా అంతే. మజ్జిగ తాగినా, కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. రాత్రి పది గంటలకు మొదలుపెట్టి ఒక క్వార్టర్ తాగిన మనిషి ఒంట్లో అది పూర్తిగా కరిగేసరికి తెల్లవారి ఆరు దాటుతుంది. హాఫ్ బాటిల్ అయితే మర్నాడు మధ్యాహ్నం మూడు. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకునే బీపీ మాత్ర, షుగరు మాత్ర ఆ రాత్రి తాగిన మద్యంతోనే కలుస్తున్నాయి. తాగింది నిన్న, మాత్ర వేసుకున్నది ఇవాళ అన్న భేదం క్యాలెండరులోనే ఉంది.

కాలేయం మద్యాన్ని విడగొట్టే పని రెండు దశల్లో జరుగుతుంది. మొదటి ఎంజైము ఆల్కహాలును అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది ఆల్కహాలు కంటే చాలా చెడ్డది. వెంటనే రెండో ఎంజైము దాన్ని హానిలేని అసిటేట్‌గా మార్చేస్తుంది కాబట్టి మనకు దాని సంగతి పెద్దగా తెలియదు. ఆ రెండో ఎంజైము పనిచేయకపోతే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసిన తీరు చెప్పుకోదగ్గది. 1937లో అమెరికాలో ఒక రబ్బరు కర్మాగారం డాక్టరు తన దగ్గరికొచ్చే కార్మికుల్లో ఒక వింత గమనించాడు. రబ్బరును గట్టిపరచడానికి వాడే ఒక రసాయనం దగ్గర పనిచేసేవాళ్లు చుక్క తాగినా తట్టుకోలేకపోతున్నారు. ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, కక్కుకుంటున్నారు. తర్వాత పదేళ్లలోపే డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు అదే కుటుంబానికి చెందిన డైసల్ఫిరామ్‌ను కడుపులో నులిపురుగుల మందుగా పనికొస్తుందేమోనని పరీక్షిస్తూ, ముందుగా తామే మింగి చూశారు. మామూలుగా పుచ్చుకునే కాస్త మద్యానికే ఇద్దరికీ ఒళ్లు తిరిగిపోయింది. కారణం తవ్వితే అసిటాల్డిహైడ్ బయటపడింది. 1948లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. నులిపురుగుల సంగతి పక్కకు పోయి డైసల్ఫిరామ్ తాగుడు మాన్పించే మందుగా నిలబడింది.

మన ఊళ్లలో ఈ మందు చుట్టూ జరుగుతున్న పని ఒకటి నన్ను భయపెడుతుంది. భర్త చేత ఎలాగైనా మాన్పించాలని, కొడుకు బాగుపడాలని, ఆ మాత్రను పొడి చేసి అతనికి తెలియకుండా కూరలోనో చారులోనో కలిపి పెడతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ తెలియకుండా తిన్నవాడు మామూలుగానే వెళ్లి మామూలుగానే తాగుతాడు. అప్పుడు తల పగిలిపోయే నొప్పి, వాంతులు, ఛాతీలో నొప్పి, రక్తపోటు పాతాళానికి. గుండె జబ్బు ఉన్నవాడైతే ప్రాణమే పోవచ్చు. పైగా వెంట ఉన్న స్నేహితులకు సంగతి తెలియదు, ఆసుపత్రిలో డాక్టరుకూ తెలియదు. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమును శాశ్వతంగా చెడగొడుతుంది. శరీరం కొత్త ఎంజైమును తయారు చేసుకునే దాకా, అంటే చివరి మాత్ర తర్వాత కూడా రెండు వారాల దాకా, ఆ ప్రభావం ఉంటుంది. మనిషికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడితే మేలు చేసే మందు ఇది. దొంగచాటుగా పెడితే విషం.

కడుపులో అమీబాకు, పళ్ల చిగుళ్ల వాపుకు రాసే మెట్రోనిడజోల్ కూడా ఇలాంటి ప్రతిచర్యే తెస్తుందని చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. ఆ బలం ఎంత అన్నది ఈమధ్య పరిశోధకులు తిరిగి ప్రశ్నిస్తున్నా, కోర్సు నడుస్తున్నన్ని రోజులూ, ఆ తర్వాత మూడు రోజులూ ముట్టుకోవద్దన్న సలహా ఇప్పటికీ అలాగే ఉంది. తాగే అలవాటు లేనివాళ్లూ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇంట్లో అజీర్తికి, బాలింతలకు ఇచ్చే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవే. లేబులు మీద చూడండి, స్వయంగా ఊరిన ఆల్కహాలు ఇంత శాతం అని రాసే ఉంటుంది. డైసల్ఫిరామ్ వాడుతున్నవాళ్లకు ఆ కొద్దిపాటి ఆల్కహాలే చాలు.

ఇక పారాసిటమాల్. తాగిన మర్నాడు తలనొప్పికి అందరూ వేసుకునేది ఇదే. మామూలు మోతాదులో ఇది సురక్షితమైన మందు, అందులో సందేహం లేదు. కాలేయం దీన్ని విడగొట్టేటప్పుడు కొద్దిగా ఒక విషపదార్థం పుడుతుంది. గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని పట్టి బయటకు పంపిస్తుంది. రోజూ తాగేవాళ్లలో ఆ విషాన్ని పుట్టించే ఎంజైము పెరుగుతుంది, సరిగ్గా తినకపోవడంతో గ్లూటాథయోన్ తగ్గుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఒంట్లో మద్యం ఉన్నంతసేపూ ఆ ఎంజైము మద్యాన్నే విడగొడుతూ తీరిక లేకుండా ఉంటుంది. మద్యం అయిపోయాక పారాసిటమాల్ మీద పడుతుంది. అంటే నాలుగైదు రోజులు వరసగా తాగి, మానేసి, తిండి సహించక, ఒళ్లునొప్పులకు డోలో 650 పూటకు రెండేసి మింగే మనిషి, మానేశాను కదా అన్న ధైర్యంతోనే అన్నిటికంటే ప్రమాదకరమైన ఘడియలో ఉంటాడు. ఆరోగ్యవంతులకు రోజుకు 4 గ్రాములు, అంటే 650 మాత్రలు ఆరు, హద్దు. రోజూ తాగేవాళ్లకు 2 గ్రాములు, అంటే మూడు మాత్రలు దాటొద్దని చాలామంది వైద్యులు చెప్తారు. అలాగని దీనికి బదులు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకుంటే కాలేయం తప్పించుకున్నా కడుపు తప్పించుకోదు. మద్యంతో కలిసి అవి కడుపులో పుండ్లు చేసి రక్తస్రావం తెస్తాయి.

షుగరు ఉన్న ఇళ్లలో అందరూ తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు ఒక్కసారి వేసుకుంటే దాదాపు రోజంతా ఇన్సులిన్‌ను తోడుతూనే ఉంటాయి. మామూలుగా రాత్రిళ్లు రక్తంలో చక్కెర తగ్గితే కాలేయం తన నిల్వల్లోంచి ఇస్తుంది, నిల్వ అయిపోతే కొత్తగా తయారు చేస్తుంది. మద్యాన్ని విడగొట్టే పనిలో పడ్డ కాలేయం ఆ కొత్త చక్కెర తయారు చేయలేదు. ఇప్పుడు ఒక రాత్రి ఊహించండి. పెళ్లికి వెళ్లిన యాభై ఏళ్ల మనిషి పొద్దున మాత్ర వేసుకున్నాడు. రాత్రి నాలుగు పెగ్గులు, నంజుకోవడానికి వేరుశనగలు, భోజనం దగ్గర రెండు ముద్దలు. ఇంటికొచ్చి పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి బనియను చెమటతో తడిసి ముద్దయింది, మాట ముద్దగా వస్తోంది, పిలిస్తే పొంతన లేని జవాబు. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? "ఎక్కువైంది, పడుకోనీ" అనుకుంటారు. చక్కెర పడిపోయిన మనిషికీ తాగిన మనిషికీ చూపుల్లో తేడా ఉండదు. వేలి చివర ఒక చుక్క రక్తం గ్లూకోమీటరుకు ఇస్తే నిమిషంలో తేలిపోతుంది. 70 కంటే తక్కువ ఉంటే, తెలివి ఉంటే, గ్లూకోజ్ నీళ్లో చక్కెర నీళ్లో తాగించాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. గ్లూకోమీటరు లేకపోతే "తాగాడు" అని కాదు, "చక్కెర పడిపోయింది" అనుకునే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

క్షయ మందులు వాడేవాళ్ల దగ్గర ఈ గ్యాప్ లెక్క తిరగబడుతుంది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయం మీద భారం వేసేవే. తాగుడు తోడైతే కామెర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ సంగతి విన్నవాళ్లు కొందరు తాగిన రోజు మాత్రలు మానేస్తారు. అది ఇంకా ఘోరం. మధ్యమధ్య మానేసిన క్షయ మందులకు క్రిమి లొంగకుండా పోతుంది. వదలాల్సింది సీసాను, మాత్రను కాదు. అది చేతకాకపోతే ఆ మాటే ఆరోగ్య కార్యకర్తకో డాక్టరుకో చెప్పాలి. కాలేయం పరీక్షలు చేయిస్తూ మందులు నడిపించే దారి వాళ్లకు తెలుసు. డాక్టరు "అలవాటుందా?" అంటే, పక్కన భార్యో తండ్రో ఉన్నారని "ఎప్పుడైనా ఫంక్షన్లలో" అని సరిపెట్టేవాళ్లు ఎందరో. వాళ్లను కాసేపు బయట ఉండమని అడిగి, వారానికి ఎన్ని క్వార్టర్లో అంకె చెప్పండి. ఆ అంకె తెలియకుండా రాసే చీటీ సగం చీటీయే.

మత్తు మీద మత్తు పడే మందుల గురించి చెప్పే ముందు జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లను మరిచిపోకూడదు. వాటిలో చాలావాటికి నిద్ర తెచ్చే గుణం ఉంటుంది, తాగి ఆ పైన బండి నడిపేవాడికి అది రెట్టింపు ముప్పు. కానీ మన రాష్ట్రాల్లో అసలు కథ అల్ప్రాజోలం అనే నిద్రమాత్రది.

మెదడులో గాబా అనే రసాయనం నరకణాల వేగాన్ని అదుపు చేస్తుంది. అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మందులు గాబా పనిని బలపరుస్తాయి. మద్యం కూడా అదే గ్రాహకం మీద, వేరే చోటు నుంచి, అదే పని చేస్తుంది. అల్ప్రాజోలం ఒక్కటే మితంగా వాడితే ఊపిరి ఆగిపోవడం అరుదు. మద్యం తోడైతే ఊపిరిని నడిపించే మెదడు భాగం కూడా మందగిస్తుంది. వాంతి వచ్చినా మనిషి లేవడు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాత్రలో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 11 గంటలు పడుతుంది కాబట్టి రాత్రి వేసుకున్న నిద్రమాత్ర మర్నాటి సాయంత్రం పార్టీలో కూడా ఉంటుంది. అలా పడిపోయిన మనిషిని వెల్లకిలా వదలొద్దు. పక్కకు తిప్పి, ఊపిరి చూస్తూ, 108ను పిలవండి.

ఇదంతా మాత్ర వేసుకున్నానని తెలిసినవాళ్ల సంగతి. తెలంగాణలో కల్లు డిపోలకు వెళ్లే వేలమందికి తాము మాత్ర మింగుతున్నామనే తెలియదు. ఈతచెట్టు, తాటిచెట్టు నుంచి దింపిన కల్లులో ఆల్కహాలు బీరుకు దగ్గరగా ఉంటుంది. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. అందుకని నీళ్లు పోసి, తీపికి శాకరిన్, మత్తుకు ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఇప్పుడు అల్ప్రాజోలం కలుపుతున్నారు. డాక్టరు రాసే మాత్రలో ఇది పావు మిల్లీగ్రామో అర మిల్లీగ్రామో ఉంటుంది. కిలో పొడి అంటే పావు మిల్లీగ్రాము మాత్రలు 40 లక్షలు. దాన్ని డ్రమ్ములో చేత్తో కలిపితే ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికీ తెలియదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

తాగితే ఒక ప్రమాదం, ఒక్కసారిగా ఆగిపోతే ఇంకో ప్రమాదం. 2015లో అధికారులు కల్తీ కల్లు మీద విరుచుకుపడినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఫిట్స్ వచ్చినవాళ్లు, లేనివాళ్లతో మాట్లాడుతున్నవాళ్లు, పొంతన లేకుండా ప్రవర్తించేవాళ్లు. ఊళ్లల్లో దయ్యం పట్టిందనుకున్నవాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి బయటి నుంచి వచ్చే అల్ప్రాజోలానికి అలవాటు పడ్డ మెదడు, అది ఆగేసరికి అదుపు తప్పింది, అంతే. దీనికి చికిత్స ఉంది. అదే జాతి మందును ఆసుపత్రిలో లెక్క ప్రకారం ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ పోతారు. గదిలో పెట్టి తలుపేసి మాన్పించే పని మాత్రం చేయొద్దు. మానిన ఒకటి రెండు రోజుల్లో చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా, లేనివి కనిపిస్తున్నాయన్నా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, ఎన్నేళ్లుగా తాగుతున్నాడో, రోజుకు ఎన్ని సీసాలో, చివరిసారి ఎప్పుడు తాగాడో చెప్పండి. ఆ మూడు సంగతులు తెలిస్తే మోతాదు ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టరు అంచనా వేయగలుగుతారు.