రుద్రవరం రేఖ తెలుగులో ఎప్పుడు కనిపిస్తుంది?

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం కొండెక్కే భక్తుడు పైకి పోతూ కొత్త రాతి నుంచి పాత రాతి మీదికి అడుగు పెడుతున్నాడు. మామూలుగా కింద పొర పాతది, పై పొర కొత్తది కావాలి. ఇక్కడ తిరగబడింది. కుందూ మైదానంలో నల్లరేగడి కింద ఉన్నది నంద్యాల షేల్ అనే రాతి పొర. అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల పేర్లున్న పొరలన్నిటికన్నా పైది, వయసులో చిన్నది. కొండల్లోని నల్లమల క్వార్ట్‌జైట్ రాయి వీటన్నిటికన్నా ముందుది. భూమి లోపలి ఒత్తిడికి ఆ పాత రాయి మడతలుపడి పడమటికి జరిగి, కొత్త రాతి మీదికెక్కింది. ఆ సరిహద్దునే భూగర్భ శాస్త్రవేత్తలు రుద్రవరం రేఖ అంటారు. ఆళ్లగడ్డ పక్క ఊరి పేరే, అయినా ఆ ఊళ్లో ఎందరికి తెలుసు?

తెలియజెప్పే సాధనం మాత్రం ఎప్పుడో పుట్టింది. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద నివేదిక అచ్చువేసేనాటికి భూగర్భ పటమంటే రంగులద్దిన కాగితం. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ నేల, అడవి, సాగు వివరాలను కంప్యూటర్లో వేర్వేరు పొరలుగా దాచి, కావలసినవి ఒకదానిపై ఒకటి పరిచే పద్ధతి తెచ్చాడు. 2005లో గూగుల్ ఎర్త్, 2009లో ఇస్రో భువన్ దాన్ని ఇంటింటికీ చేర్చాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ భూకోశ్‌లో రాళ్ల పటాలు ఉచితంగానే ఉన్నాయి. ఉపగ్రహ చిత్రం మీద ఆ పొర పరిస్తే కొండ పాదం, రాతి సరిహద్దు దాదాపు ఒకే గీతగా కలిసిపోవడం ఎనిమిదో తరగతి పిల్లవాడికైనా కనిపిస్తుంది. కాకపోతే అక్కడి వివరాలు ఇంగ్లీషులో, గనులు వెదికేవాళ్ల పరిభాషలో ఉంటాయి. లోటు సమాచారంలో లేదు, చెప్పే తీరులో ఉంది.

పటంలో చోటు చూపిస్తే తవ్వి పాడుచేస్తారన్న భయం కొట్టిపారేయదగింది కాదు. నంద్యాల జిల్లాలోనే ఉన్న జ్వాలాపురం మాత్రం వేరే మాట చెబుతుంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిపడిన బూడిద అక్కడుంది. దాని పైనా కిందా దొరికిన రాతి పనిముట్ల సంగతి 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ బూడిదనే శుభ్రంచేసే పొడుల కోసం తవ్వుకుపోయారు, ఏ డిజిటల్ పటమూ చూడకుండానే. దాని విలువ తెలియకపోవడమే అక్కడ చేటు చేసింది. గుహల వంటి సున్నితమైన చోట్లకు కచ్చితమైన స్థానం దాచి, ఊరి పేరు మాత్రం చూపితే సరిపోతుంది. కొత్త సర్వే అక్కర్లేదు. ఉన్న పటానికి తెలుగు పేర్లు, రెండు ముక్కల వివరణ చేర్చే పని నంద్యాల జిల్లా కళాశాలల భూగోళం, భూగర్భ శాస్త్రం అధ్యాపకులు ఈ ఏడే మొదలుపెట్టవచ్చు.