చార్మినార్ గచ్చుకూ, కడలి చరియకూ ఒకే చేటు

లాడ్ బజార్: 2019 మే 1 రాత్రి చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. అదే పట్టపగలు, గాజుల బేరాలకు జనం కిక్కిరిసిన వేళ పడి ఉంటే?

ఇంత పెద్ద పెచ్చు ఉన్నట్టుండి ఎందుకు ఊడుతుంది? దీని కిటుకు సముద్రతీరాన తేలికగా బోధపడుతుంది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఇసుక, మెత్తని మన్ను కలిసిన ఆ దిబ్బలను వాననీరు కోసి లోతైన గండ్లు చేసింది. అటువంటి మెత్తని నేల కడలి అంచున నిటారుగా నిలిచిన చోట రెండు వైపుల నుంచీ చేటు వస్తుంది. కింద అలలు పాదాన్ని తొలుస్తాయి. పైన వాననీరు బీటల్లోకి దిగుతుంది. తడిసిన మట్టికి బరువు పెరుగుతుంది, పట్టు సడలుతుంది. ఒకనాడు, వాన వెలిశాక కూడా, చరియ అమాంతం జారిపోతుంది. చూసేవారికి అది నిమిషంలో జరిగిన పని. లోపల మాత్రం ఏళ్ల తరబడి జరుగుతున్నదే.

లాడ్ బజార్‌కు కడలి లేదు గాని మురుగు కాలువ ఉంది. పాత మేడల గోడలు అడుగు నుంచి చెమ్మ పీలుస్తాయి. కప్పు పగుళ్లలో వాన దిగుతుంది. అందులో రావి మొలిచిందంటే వేరు పగులును ఇంకా విప్పుతుంది.

1591లో కట్టిన చార్మినార్‌కు 1824లో మళ్లీ గచ్చు పూయించారు. సున్నపు కట్టడానికి ఈ పోషణ తప్పదు. పైన సిమెంటు మెత్తితే సరిపోతుందనుకోవడం పొరపాటు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల నిలిచిన నీరు, ఉప్పు కలిసి పూతను వెనుక నుంచి నెట్టేస్తాయి. అందుకే పాత మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి వాడేవారు.

గోడను తట్టితే డొల్ల మోత వచ్చిన చోట పూత అప్పటికే విడిపోయిందన్నమాట. దుకాణాలపై ఉన్న పాత గోడలను తొలకరికి ముందే ఇలా తట్టి చూడటం, రావి మొక్కలు పీకించడం, కాలువ నీరు గోడ మొదట నిలవకుండా చేయడం ఇళ్లవారికీ, అధికారులకూ కూడా పెద్ద ఖర్చేమీ కాదు. పెచ్చు పడ్డాక చేసే పని కన్నా ఇది ఎంతో చవక.